వానదారిలో టైరు: కొంత చరిత్ర, కొంత స్వానుభవం

నంద్యాల నుంచి మహానందికి పోయే దారి పదిహేను కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. నల్లరేగడి చేలు వెనకబడి, నల్లమల కొండలు ఎదురుగా దగ్గరవుతూ, అరటి తోటలు మొదలయ్యేసరికి ఎవరికైనా ప్రాణం లేచివస్తుంది. కొన్నేళ్ల కిందట ఒక శ్రావణ సాయంత్రం ఆ తోటల మధ్యనే మా కారు తన చుట్టూ తాను ఒకటిన్నర చుట్టు తిరిగి, వెనక్కి వెనక్కి జారుకుంటూ పోయి ఒక గట్టుకు గుద్దుకొని ఆగింది. ముందు కూర్చున్నవాళ్లకు ఏమీ కాలేదు. వెనక సీట్లో ఉన్న మా అక్క మణికట్టు విరిగింది. కారు నడుపుతున్నది నేను.

ఆ కారు నేను పాతది కొన్నాను. అమ్మిన వ్యక్తి దానికి కంపెనీ ఇచ్చిన చక్రాలు తీసేసి, వెడల్పాటి అల్లాయ్ చక్రాలు, వాటిమీద ఇంకా వెడల్పాటి టైర్లు వేయించి ఉన్నాడు. "స్పోర్ట్స్ టైర్లు సార్, వానలో కూడా రోడ్డును వదలవు" అన్నాడు. నేను నమ్మాను. మరుసటి రోజు పంచరు అంగడి కుర్రవాడు చూసి చెప్పినదేమిటంటే, వెనక టైర్ల బటన్లు ఇంచుమించు నున్నబడ్డాయి, వాటిలో గాలి ఇరవై మాత్రమే ఉంది. ఆ వేళ నేను డెబ్బై అయిదుకూ ఎనభైకీ మధ్య పోతున్నాను. రోడ్డు మీద అర్ధగంట వాన నీరు నిలిచి ఉంది.

ఇప్పుడు మా అక్క కొడుకు నంద్యాల నుంచి గిద్దలూరికి వారానికి మూడు నాలుగుసార్లు ఉద్యోగరీత్యా తిరుగుతున్నాడు. గాజులపల్లె దాటితే అడవి, పచ్చర్ల, దిగువమెట్ట, మలుపు వెంట మలుపు. మొన్న వచ్చి, "మామా, టైర్లు మార్చాల. పదిహేడు అంగుళాల చక్రాలేసి వెడల్పు టైర్లు వేయిస్తా. వెడల్పుంటే వానలో పట్టెక్కువ గదా?" అన్నాడు. వెంటనే వద్దనబోయి ఆగాను. ఎందుకు వద్దో నాకు సరిగా చెప్పడం రాలేదు. ఆ తర్వాత కొన్ని రాత్రులు చదువుకున్నది ఇక్కడ రాసిపెడుతున్నాను.

మొదట మన బండిగానుతో మొదలుపెట్టాలి. కుండ, ఆకులు, పూటీలు అన్నీ కర్రవే. పూటీల చుట్టూ ఇనుప పట్టా. పట్టాను చక్రం కన్నా ఒక పిసరు చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, వ్యాకోచించినప్పుడు చక్రానికి తొడిగి, పైన నీళ్లు కుమ్మరిస్తే అది ముడుచుకుని కర్రను బిగించి పట్టుకునేది. మా చిన్నప్పుడు ఆ పని చూడడానికి వీధి పిల్లలందరం చేరేవాళ్లం. ఆ పట్టాకు వాన అంటే భయం లేదు. ఎద్దు నడకకు ఏ చక్రమూ నీటి మీద తేలదు. వానలో బండికి ఉన్న ఒకే కష్టం రేగడిలో దిగబడడం. అంటే చక్రానికి నీరు శత్రువు కావడానికి రెండు రావలసి ఉంది. ఒకటి గట్టిపడిన నున్నని రోడ్డు, రెండు వేగం.

గాలి నింపిన టైరును మొదట ఊహించినవాడు స్కాట్లండ్ ఇంజనీరు రాబర్ట్ విలియం థామ్సన్. 1845లో పేటెంటు పొందాడు. ఎవరూ పట్టించుకోలేదు, లోకం మరచిపోయింది. 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్లప్, కొడుకు మూడుచక్రాల సైకిలు కోసం అదే సంగతిని మళ్లీ కనిపెట్టాడు. థామ్సన్ పేటెంటు బయటపడి డన్లప్ పేటెంటు చెల్లకుండా పోయింది గానీ, పేరు మాత్రం డన్లప్‌కే మిగిలింది. మన వైపు టైర్లు వేసిన ఎద్దులబండిని కూడా "డన్లప్ బండి" అన్నవాళ్లున్నారు.

ఆ తొలి టైర్లు నున్ననివి. 1904లో జర్మనీలో కాంటినెంటల్ కంపెనీ మోటారుకార్లకు గాట్లున్న టైరు తెచ్చింది. చాలామంది గాట్లు పట్టుకోసమని అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. పొడి తారు రోడ్డు మీద చూస్తే గాట్లు పట్టును తగ్గిస్తాయి, ఎందుకంటే గాటు ఉన్నచోట రబ్బరు లేదు! 1971లో ఫార్ములా వన్ పందేలలోకి గాట్లే లేని నున్నని టైర్లు రావడానికి కారణం ఇదే. వాన చుక్క పడగానే అవే కార్లు చక్రాలు మార్చుకోవడానికి బారులు తీరుతాయి. గాటు ఉన్నది నీటికి దారి ఇవ్వడానికి.

ఎంత నీటికి? ఒక చిన్న లెక్క వేసి చూడండి. రోడ్డు మీద మూడు మిల్లీమీటర్ల నీరుంది, టైరు వెడల్పు ఇరవై సెంటీమీటర్లు, వేగం గంటకు ఎనభై కిలోమీటర్లు అనుకుందాం. అప్పుడు ఒక్కొక్క టైరు సెకనుకు ఇంచుమించు పదమూడు లీటర్ల నీటిని పక్కకు తొలగించాలి. ఒక బిందెడు నీళ్లు, ఒక్క సెకనులో, అరచేయంత జాగా నుంచి! ఫార్ములా వన్ వానటైరు మూడువందల వేగంలో సెకనుకు 85 లీటర్ల దాకా తొలగిస్తుందని తయారీదారు పిరెల్లీ చెప్పుకుంటుంది. తొలగించలేకపోతే ఏమవుతుంది?

దీనికి సమాధానం కార్లవాళ్ల దగ్గరకన్నా ముందు విమానాలవాళ్ల దగ్గర స్పష్టంగా దొరికింది. జెట్ విమానాలు వచ్చాక తడిసిన రన్‌వేల మీద దిగినప్పుడు బ్రేకులు పట్టక జారిపోవడం పెద్ద సమస్య అయింది. అమెరికాలో నాసా వారి లాంగ్లీ కేంద్రంలో వాల్టర్ హార్న్, రాబర్ట్ డ్రెహర్ అనే ఇద్దరు దీన్ని పట్టుకుని కూర్చుని, 1963లో ఒక నివేదిక ప్రకటించారు. అందులోని మూలసూత్రం మన పంచరు అంగడివాడికి కూడా అర్థమయ్యేటంత సులువు. వేగం పెరిగేకొద్దీ టైరు ముందు చేరిన నీరు టైరును పైకి నెట్టే ఒత్తిడి వేగపు వర్గంలో పెరుగుతుంది. ఆ ఒత్తిడి టైరులోని గాలి ఒత్తిడితో సమానమైన క్షణాన టైరు రోడ్డును వదిలి నీటి మీదికి ఎక్కుతుంది. దీన్నే ఆక్వాప్లేనింగ్ అంటారు. ఆ క్షణం తర్వాత స్టీరింగు, బ్రేకు రెండూ ఉత్త అలంకారాలే.

అంటే తేలే వేగం టైరులోని గాలి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. వారిచ్చిన సూత్రాన్ని మన కొలతల్లోకి మారిస్తే, గాలి సంఖ్య వర్గమూలాన్ని సుమారు 16.7తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. గాలి 36 ఉంటే నూరు. 33 ఉంటే తొంభై ఆరు. 25 ఉంటే ఎనభై మూడు. ఇరవై ఉంటే డెబ్బై అయిదు.

ఈ చివరి అంకె వేసినప్పుడు నేను కాగితం పక్కన పెట్టి లేచిపోయాను. "డెబ్బై అయిదుకూ ఎనభైకీ మధ్య" అని పైన రాశాను కదా. బోర్డు మీద కనబడే వేగం, వెనక టైర్లలో గాలి, నున్నబడిన బటన్లు, నిలిచిన నీరు, నాలుగూ ఆ లెక్కలో నా కోసమే ఇమిడినట్లున్నాయి. (సూత్రం నున్నబడిన టైర్లకు, నీరు బాగా నిలిచిన నేలకు వర్తిస్తుంది. గాట్లు లోతుగా ఉండి నీరు పలచగా ఉంటే తేలే వేగం ఇంతకన్నా పైనే ఉంటుంది. గాట్లు చేసే పని అదే.) అక్క ఇప్పటికీ "నీదేం తప్పురా, వాన దేవుడిది" అంటుంది. వాన దేవుడికి నా టైర్లలో గాలి ఎంతో తెలియదు. చూసుకోవలసినవాణ్ణి నేను.

మా మేనల్లుడి వెడల్పు ప్రశ్నకు కూడా ఇందులోనే జవాబుంది. కారు బరువు మారనప్పుడు, గాలి మారనప్పుడు, టైరు నేలను తాకే జాగా వైశాల్యం కూడా పెద్దగా మారదు. మారేది ఆకారం. సన్నని టైరు అడుగు పొడుగ్గా, వెడల్పు టైరు అడుగు పొట్టిగా అడ్డంగా ఉంటుంది. అడ్డంగా ఉన్న అడుగు ఎక్కువ నీటిని ఎదుర్కొంటుంది, ఆ నీటికి పక్కకు పోవడానికి దూరం ఎక్కువ, సమయం తక్కువ. హార్నే 1980 దశకంలో ఖాళీ లారీల టైర్లను పరిశీలించి, అడుగు పొట్టిబడేకొద్దీ తేలే వేగం తగ్గుతుందని తేల్చాడు. చిన్నప్పుడు చెరువులో పలక రాయిని విసిరి నీటి మీద కప్పగంతులు వేయించిన వాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు. పొడి రోడ్డు మలుపులో వెడల్పు టైరు మేలు చేసే మాట నిజమే. నిలిచిన నీటిలో అదే వెడల్పు ఎదురు తిరుగుతుంది.

ఇక వానకోసమే తయారైన టైర్ల కథ. మిషెలిన్ వారి రేడియల్ టైరు 1946లో పేటెంటు పొంది, 1949లో అంగళ్లకు వచ్చింది. అడుగు భాగాన్ని ఉక్కు పట్టీ బిగించి ఉంచడం వల్ల గాట్లు మూసుకుపోకుండా తెరచుకుని ఉండసాగాయి. ఇరవై ఏళ్ల తర్వాత, 1969లో, యూనిరాయల్ కంపెనీ "వానటైరు" అని పేరు పెట్టి మరీ ఒకటి అమ్మింది. 1991లో గుడ్‌ఇయర్ నట్టనడుమ ఒక పెద్ద కాలువ తవ్వినట్లుండే ఆక్వాట్రెడ్ తెచ్చింది. ఈ టైర్ల బొమ్మలు చూస్తుంటే నాకు మహానంది పుష్కరిణి గుర్తుకు వచ్చింది. అక్కడ ఊట ఎంత ఊరినా నీరు అయిదడుగుల దగ్గరే నిలుస్తుంది, మిగిలినది తూముల గుండా అరటి తోటలకు పోతుంది. వచ్చిన నీరు వచ్చినట్లే పోవాలి. ఆ తూములు పెట్టినవారికి ఈ సంగతి తెలుసు.

అయితే వాన పట్టంతా గాట్లలో లేదు. నీరు తొలగిన తర్వాత కూడా రోడ్డు మీద వెంట్రుకవాసి తడి మిగులుతుంది. దాన్ని చీల్చేవి గాట్ల మధ్య దిమ్మెల మీద బ్లేడుతో కోసినట్లుండే సన్నని చీలికలు. చీల్చిన తర్వాత పట్టుకోవలసినది రబ్బరు. కంకర గరుకులో రబ్బరు దిగి, వంగి, లేచేటప్పుడు కొంత శక్తిని పోగొట్టుకోవాలి, ఆ పోగొట్టుకోవడమే పట్టు. కానీ అలా పోగొట్టుకునే రబ్బరు మామూలు దొర్లుడులో కూడా పోగొట్టుకుంటుంది, పెట్రోలు తాగుతుంది. 1910 దశకం నుంచి రబ్బరులో కలుపుతూ వచ్చిన మసి (టైరు నల్లగా ఉండడానికి కారణం అదే, అంతకు ముందు టైర్లు తెల్లనివి) మన్నికను ఇచ్చింది గానీ ఈ పేచీని తీర్చలేదు. 1992లో మిషెలిన్ మసికి బదులు చాలా భాగం సిలికా కలిపి అమ్మకానికి పెట్టిన టైరుతో పేచీ చాలావరకు తెగింది. దొర్లేటప్పుడు శక్తి తక్కువ పోయి, తడిలో బ్రేకు వేసినప్పుడు పట్టు ఎక్కువ దొరికింది. నా మట్టుకు నాకు టైరు చరిత్రలో థామ్సన్, డన్లప్‌ల తర్వాత ఇంత పెద్ద మలుపు మరొకటి కనబడలేదు. దానికి ఇసుకలాంటి పదార్థం కారణం కావడం ఒక వింత.

ఈ చరిత్రంతా మన దేశానికి ఆలస్యంగా, మన అవసరాల రంగు పూసుకుని వచ్చింది. డన్లప్ 1936లో హుగ్లీ ఒడ్డున సాహాగంజ్‌లో కర్మాగారం పెట్టింది. 1946లో మద్రాసులో బొమ్మ బెలూన్లతో మొదలైన ఎం.ఆర్.ఎఫ్. 1960 దశకం తొలినాళ్లలో టైర్లలోకి దిగింది. మనకు రేడియల్ టైర్లు 1977లో మొదలయ్యాయి. ఆ రోజుల్లో టైరు కొనేవాడు అడిగే ప్రశ్న ఒక్కటే, "ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుంది?" మన సీమలో ఆ ప్రశ్న మరీ సహజం. మే నెలలో నంద్యాల నలభై మూడు డిగ్రీలకు మండుతుంది. రోడ్డంతా కంకర. సాలీనా సగటున 670 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లాలో వానకోసం టైరు కొనమంటే నవ్వుతారు. అందుకే కంపెనీలు గట్టి రబ్బరు పోశాయి, మనమూ అదే అడిగాం. అంబాసిడరు కార్ల వేగానికి అది చాలింది. కర్నూలు, కడప రహదారి నాలుగు వరుసలై, కార్ల వేగం నూరు దాటిన తర్వాత కూడా మన ప్రశ్న మాత్రం మారలేదు.

కరువుసీమలో వాన తక్కువ కనుక వానప్రమాదం తక్కువ అనుకోవడం పొరపాటు. నెలల తరబడి రోడ్డు మీద పడిన నూనె, రబ్బరు పొడి, దుమ్ము తొలి వానతో కలిసి జిగురవుతాయి. నంద్యాల చుట్టుపక్కల ఇంకొకటి ఉంది. వరి మడి దున్నిన ట్రాక్టరు దమ్ముచక్రాలతోనే తారు రోడ్డెక్కుతుంది. అది రాల్చిన రేగడి తడిసిందంటే సబ్బు. ఏ టైరూ దాని ముందు నిలవదు, వేగం తగ్గించడం ఒక్కటే మందు. వాన కురిసినా ఇక్కడ కొలతగా కురవదు. 2009 అక్టోబరులో కర్నూలు మునిగింది. 2019 సెప్టెంబరులో మహానంది ఆలయ ప్రాంగణంలోకే వరద వచ్చింది.

చట్టానికి కూడా ఈ సంగతి ఆలస్యంగానే తట్టింది. ఐరోపాలో 2012 నవంబరు నుంచే ప్రతి టైరు మీద తడిపట్టు శ్రేణిని తెలిపే చీటీ ఉండాలి. అక్కడి లెక్క ప్రకారం ఎనభై వేగంలో బ్రేకు వేస్తే అత్యుత్తమ శ్రేణి టైరుకూ అట్టడుగు శ్రేణి టైరుకూ మధ్య ఆగే దూరంలో తేడా సుమారు పద్ధెనిమిది మీటర్లు. పద్ధెనిమిది మీటర్లంటే ఘాటు మలుపులో ఎదురు వచ్చే లారీ మొత్తం పొడవు కన్నా ఎక్కువ. మన కేంద్ర ప్రభుత్వం 2022 జూన్‌లో ప్రకటన ఇచ్చి, కొత్త నమూనాలకు ఆ అక్టోబరు నుంచి, అప్పటికే ఉన్నవాటికి 2023 ఏప్రిల్ నుంచి కనీస తడిపట్టు ఉండి తీరాలన్నది. కనీసం వేరు, ఉత్తమం వేరు. ఆ తేడా మనకు అంగడిలో ఎవరూ చెప్పరు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది. ఫ్రాన్సు దేశస్థుడు జ్యాఁ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నాకు గెలుపు కన్నా చక్రాలు ఆసక్తి కలిగించాయి. ఫార్ములా వన్‌లో లాగా ఎండకు ఒకటి, వానకు ఒకటి కాకుండా, ఈ పందెంలో రెంటికీ ఒకే గాట్ల టైరు. హాంకూక్ వారి తయారీ. ఆ రోజు వాన లేదు. అయినా వానకు సిద్ధపడిన టైర్లతోనే పరుగెత్తారు. మనలాగా ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు ఎండ, గాజులపల్లె చేరేసరికి కుండపోత చూసేవారికి ఈ పద్ధతే దగ్గర. పందెం కారు వాడికి టైరు మార్చడానికి గుడారముంది, మనకు లేదు.

ఇంతకీ మేనల్లుడి టైర్లు. ఇద్దరం కలిసి నంద్యాలలో నాలుగు అంగళ్లు తిరిగాం. వాడి కారుకు కంపెనీ ఇచ్చిన కొలత 185/65 ఆర్ 15. వాడు కోరినది 215/45 ఆర్ 17. నిజానికి రెండింటి ఎత్తు ఒకటే, స్పీడు బోర్డు తప్పు చూపదు, అంగడివాడు చెప్పినదాంట్లో ఆ మాట నిజం. కానీ మూడు సెంటీమీటర్ల వెడల్పు పెరుగుతుంది, గుంటల్లో చక్రాన్ని కాపాడే గోడ పలచబడుతుంది. నేను లెక్కలు రాసిన కాగితం వాడి చేతిలో పెట్టాను. చాలాసేపు చూశాడు. "అమ్మ చెయ్యి విరిగిన రోజు గాలి ఇరవయ్యా మామా?" అని మాత్రం అడిగాడు.

పాత కొలతే ఖాయమైంది. ఆ కొలతలోనే పరుగు టైర్ల వరుసలో, సిలికా కలిపినది, నాలుగు నిలువు కాలువలున్నది, ఐరోపా చీటీలో తడిపట్టు పై శ్రేణిలో ఉన్న నమూనా ఒకటి దొరికింది. యాభై వేల కిలోమీటర్లు రాదని అంగడివాడే నిజాయితీగా చెప్పాడు. మెత్తని రబ్బరు అరుగుతుంది మరి. గోడ మీద చివరి నాలుగంకెలు చూశాం. మొదటి రెండూ తయారైన వారం, తరువాతి రెండూ సంవత్సరం. మొదట తెచ్చిన టైర్లు మూడేళ్ల నాటివి, మన ఎండలో గిడ్డంగిలో ఉన్నా రబ్బరు బిరుసెక్కుతుంది, వద్దన్నాం. రెండోసారి తెచ్చినవి నాలుగు నెలలవి.

ఒక్క విషయంలో మెకానిక్కుకూ నాకూ వాదం వచ్చింది. ప్రస్తుతానికి వాడు రెండే కొనగలిగాడు, మిగతా రెండూ సగం అరిగిన పాతవి. మెకానిక్కు అలవాటుగా కొత్తవి ముందుకు వేయబోయాడు, "ఇంజను ముందుంది సార్" అంటూ. వెనకకు వేయమన్నాను. ముందు చక్రాలు జారితే కారు తిన్నగా పోతుంది, నడిపేవాడికి తెలుస్తుంది, కాలు తీస్తాడు. వెనకవి జారితే తెలిసేలోపే కారు తిరిగిపోతుంది. తిరిగిన కారులో కూర్చున్నవాణ్ణి కనుక ఎక్కువ వాదించకుండానే నెగ్గాను. గాట్ల లోతు చట్టప్రకారం 1.6 మిల్లీమీటర్ల దాకా అరగవచ్చు గానీ, మూడు దగ్గరే ముందు రెండూ మార్చేద్దామని వాడితో మాట తీసుకున్నాను.

గాలి నాలుగింటికీ 33 పెట్టించాం. పోయిన ఆదివారం వాన ముసురుగా ఉంది. అక్క మహానందికి పోదామన్నది. వాడు నడిపాడు, అరవై దాటలేదు. ఆ అరటి తోట గట్టు దగ్గరికి రాగానే అక్క కుడి చెయ్యి ముందు సీటు వీపును పట్టుకున్నది, దాటాక వదిలింది.